ఇంగ్లీష్‌లో రోజూ వాడే నౌన్స్ తప్పుల్లేకుండా ఎలా వాడాలి

ఒకసారి డాక్టర్ దగ్గరికెళ్ళి, స్టైల్‌గా ఉంటుందని "డాక్టర్, మై హెయిర్స్ ఆర్ ఫాలింగ్" అన్నాను. ఆయన మొహంలో ఏ భావం లేకుండా "ఎన్ని?" అన్నాడు. నేను సీరియస్‌గా లెక్కలేసుకుని రోజుకి ఓ యాభై అరవై ఉంటాయండీ అని చెప్పేశాను, అప్పుడు నవ్వాడు. ఆ జోక్ ఏంటో నాకు ఇంటికొచ్చాక గానీ వెలగలేదు.

విషయం ఏంటంటే తెలుగులో మనకి రెండు మాటలున్నాయి, జుట్టు, వెంట్రుక. జుట్టు ఊడుతోంది అంటాం, "జుట్లు ఊడుతున్నాయి" అని ఎవరూ అనరు. ఇంగ్లీష్‌లో రెండింటికీ ఒకటే మాట, హెయిర్. తల మీదున్న మొత్తం జుట్టైతే "మై హెయిర్ ఈజ్ ఫాలింగ్ అవుట్". చొక్కా మీద విడిగా రెండు వెంట్రుకలు కనిపిస్తే "దేర్ ఆర్ టూ హెయిర్స్ ఆన్ యువర్ షర్ట్". నేనేమో వెంట్రుకలు అని తెలుగులో అనుకుని దానికో ఎస్ తగిలించి డాక్టర్ మొహాన కొట్టాను.

నౌన్స్‌తో మనం చేసే తప్పుల్లో చాలావరకు ఇలాగే పుడతాయి. టెన్సులు, వాయిస్‌లు ఏళ్ళ తరబడి రుద్దుతాం గానీ కుర్చీ, బ్యాగు, పని, సలహా లాంటి మామూలు మాటల దగ్గర దొరికిపోతాం, ఎందుకంటే అవి మనకి వచ్చేసినట్టే ఉంటాయి కాబట్టి ఎవరూ చెక్ చేసుకోరు. నేను కుస్తీ పట్టిన ఆర్డర్‌లోనే చెప్తాను, ఒకేసారి అన్నీ చదివేయకండి, రోజుకో స్టెప్ చాలు.

స్టెప్ 1: తెలుగు లెక్కని పక్కన పెట్టండి

నీళ్ళు ఉన్నాయి, పాలు పొంగాయి, డబ్బులు అయిపోయాయి. గమనించారా, తెలుగులో ఈ మూడూ బహువచనాలే. ఇంగ్లీష్‌లో మూడూ ఏకవచనాలు. "ద వాటర్ ఈజ్ కోల్డ్", "ద మిల్క్ హాజ్ బాయిల్డ్ ఓవర్", "ద మనీ ఈజ్ గాన్". వార్తలు కూడా అంతే, మనకి బోలెడు, వాళ్ళకి "ద న్యూస్ ఈజ్ గుడ్". చివర ఎస్ ఉంది కదా అని "న్యూస్ ఆర్" అనకూడదు.

ఇప్పుడు తిరగేసి చూడండి. కత్తెర ఎక్కడుంది అంటాం, ఒక్కటే వస్తువు, ఏకవచనం. ఇంగ్లీష్‌లో "వేర్ ఆర్ ద సిజర్స్". కళ్ళజోడు పగిలిందంటే "మై గ్లాసెస్ ఆర్ బ్రోకెన్". అంటే తెలుగులో ఒకటా ఎక్కువా అన్నది ఇంగ్లీష్‌లో ఏమీ గ్యారంటీ ఇవ్వదు, ప్రతి మాటకీ కొత్తగా నేర్చుకోవాల్సిందే. బోర్ కొడుతుంది కానీ దీనికి షార్ట్‌కట్ లేదు, ఉన్నదల్లా డిక్షనరీ. లెర్నర్స్ డిక్షనరీ ఏదైనా ఫోన్‌లో ఓపెన్ చేస్తే నౌన్ పక్కన సి అనో యు అనో చిన్న అక్షరం గానీ, కౌంటబుల్, అన్‌కౌంటబుల్ లాంటి పూర్తి మాట గానీ ఉంటుంది. సి అంటే కౌంటబుల్, లెక్కపెట్టచ్చు. యు అంటే అన్‌కౌంటబుల్, లెక్కపెట్టకూడదు. చాలామంది మీనింగ్ చూసి మూసేస్తారు, ఆ అక్షరం చూడరు. ఇవాళ్టి నుంచి ముందు అది చూడండి, తర్వాత మీనింగ్.

స్టెప్ 2: ఎస్ పెట్టకూడని మాటల్ని పట్టుకోండి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం, అందరం పడే గొయ్యి ఇదే.

ఫర్నిచర్, లగేజ్, ఇన్ఫర్మేషన్, అడ్వైస్, ఎక్విప్‌మెంట్, హోమ్‌వర్క్, ట్రాఫిక్, స్టేషనరీ, జ్యువెలరీ, మెషినరీ, సీనరీ, సాఫ్ట్‌వేర్, ఫీడ్‌బ్యాక్, ప్రోగ్రెస్, ఎవిడెన్స్. వీటికి ఎస్ పెట్టకూడదు, ముందు "ఎ" గానీ "ఎన్" గానీ పెట్టకూడదు, "టూ", "త్రీ" అసలే పెట్టకూడదు. ఎంత ఎక్కువున్నా సరే. ఇంటినిండా కుర్చీలు బల్లలు ఉన్నా "ఎ లాట్ ఆఫ్ ఫర్నిచర్" అంతే.

ఇందులో లాజిక్ వెతక్కండి, దొరకదు. ఫ్రెంచ్ వాళ్ళు ఇన్ఫర్మేషన్ అనే మాటకి హాయిగా ప్లూరల్ వాడుకుంటారు, జర్మన్‌లోనూ దానికి ప్లూరల్ ఉంది, ఇంగ్లీష్ వాళ్ళు మాత్రం వాడరు. అలవాటు, అంతే. కాబట్టి "ఇన్ఫర్మేషన్స్" అన్నందుకు మీ బుర్రని తిట్టుకోకండి.

అడ్వైస్ సంగతి దగ్గర్నుంచి చూద్దాం. "హి గేవ్ మీ మెనీ అడ్వైజెస్" అంటాం మనం, ఎందుకంటే మన బుర్రలో సలహాలు అని ఉంటుంది. సరైనది "హి గేవ్ మీ ఎ లాట్ ఆఫ్ అడ్వైస్". మరి ఒక్క సలహా ఇస్తే? "ఎ పీస్ ఆఫ్ అడ్వైస్". ఇంకో తిరకాసు, నౌన్ అయితే చివర్లో స్ సౌండ్, అడ్వైస్. వెర్బ్ అయితే జ్ సౌండ్, అడ్వైజ్. స్పెల్లింగ్‌లో కూడా నౌన్‌కి సి, వెర్బ్‌కి ఎస్ వస్తాయి. "ప్లీజ్ అడ్వైజ్ మీ" సరే, "ప్లీజ్ గివ్ మీ సమ్ అడ్వైస్" సరే, వీటిని కలిపి వండితేనే తేడా కొడుతుంది.

ఆ "పీస్ ఆఫ్" గోల గుర్తుండకపోతే నేను వాడే ట్రిక్ ఒకటుంది. చాలా అన్‌కౌంటబుల్ మాటలకి వాటి పక్కింట్లో ఒక కౌంటబుల్ మాట ఉంటుంది, లెక్క చెప్పాల్సొస్తే అటు దూకేయడమే. త్రీ లగేజెస్ కాదు, త్రీ బ్యాగ్స్. టూ ఫర్నిచర్స్ కాదు, టూ చెయిర్స్. అడ్వైస్‌కి టిప్ ఉంది, సజెషన్ ఉంది. ఇన్ఫర్మేషన్‌కి డీటెయిల్స్. వర్క్‌కి జాబ్, టాస్క్. పోయెట్రీకి పోయెమ్. ట్రాఫిక్‌కి వెహికిల్స్. సాఫ్ట్‌వేర్‌కి ప్రోగ్రామ్ లేదా యాప్. నోట్‌బుక్‌లో పేజీని రెండుగా మడిచి ఎడమవైపు ఒకటి, కుడివైపు దాని పక్కింటి మాట రాసుకోండి, ఒక ఇరవై జంటలు వస్తే మీ మెయిల్స్‌లో సగం తప్పులు పోతాయి.

ఈ లెక్క తేలితే మచ్, మెనీ గొడవ కూడా దానంతటదే తేలిపోతుంది. లెక్కపెట్టగలిగితే మెనీ, ఫ్యూ. లెక్కపెట్టలేకపోతే మచ్, లిటిల్. "ఎ లాట్ ఆఫ్" రెండింటికీ పనికొస్తుంది, డౌటొస్తే దాన్ని వాడేసి బయటపడండి. ఒక్క జాగ్రత్త, "ఐ హావ్ ఎ ఫ్యూ ఫ్రెండ్స్" అంటే కొంతమంది ఫ్రెండ్స్ ఉన్నారని, "ఐ హావ్ ఫ్యూ ఫ్రెండ్స్" అంటే పాపం పెద్దగా ఎవరూ లేరని. ఒక్క "ఎ" ఎగిరిపోతే మనిషి ఒంటరైపోతాడు.

స్టెప్ 3: డబుల్ యాక్షన్ మాటలు

కొన్ని మాటలు ఒక అర్థంలో లెక్కకి వస్తాయి, ఇంకో అర్థంలో రావు. పేపర్ అంటే కాగితం అయితే అన్‌కౌంటబుల్, రెండు కాగితాలు కావాలంటే "టూ షీట్స్ ఆఫ్ పేపర్". న్యూస్ పేపరో క్వశ్చన్ పేపరో అయితే "టూ పేపర్స్" అనచ్చు. గ్లాస్ అంటే గాజు అయితే లెక్కలేదు, తాగే గ్లాసైతే ఉంది. ఎక్స్‌పీరియన్స్ అంటే ఉద్యోగంలో అనుభవం అయితే "ఫైవ్ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్", ఎస్ లేదు. జీవితంలో ఎదురైన సంఘటనలైతే "స్ట్రేంజ్ ఎక్స్‌పీరియన్సెస్". రెజ్యూమెలో "ఐ హావ్ ఎక్స్‌పీరియన్సెస్ ఇన్ టెస్టింగ్" అని రాస్తే, చదివేవాళ్ళకి టెస్టింగ్‌లో మీకేవో వింత అనుభవాలు ఎదురైనట్టు అనిపిస్తుంది.

వర్క్ సంగతి మరీను. "ఐ హావ్ సో మెనీ వర్క్స్ టుడే" అని రోజూ వింటుంటాను. పనులు అని మనం అనుకుంటాం కాబట్టి. సరైనది "ఐ హావ్ ఎ లాట్ ఆఫ్ వర్క్" లేదా "సో మెనీ థింగ్స్ టు డు". వర్క్స్ అనే మాట ఉంది గానీ అది ఒక రచయిత రాసినవన్నీ, ఒక చిత్రకారుడు వేసినవన్నీ అని చెప్పడానికి, ఇంట్లో గిన్నెలు తోమడానికి కాదు.

రూమ్ కూడా గుర్తుపెట్టుకోండి. కారులో చోటు లేదు అనడానికి "నో ప్లేస్ ఇన్ ద కార్" అంటాం, వాళ్ళు "దేర్ ఈజ్ నో రూమ్ ఇన్ ద కార్" అంటారు. ఇక్కడ రూమ్ అంటే గది కాదు, జాగా.

స్టెప్ 4: జంటగా తిరిగే వస్తువులు

రెండు కాళ్ళో, రెండు అద్దాలో, రెండు పళ్ళో ఉన్న వస్తువు అయితే ఇంగ్లీష్‌లో అది మామూలుగా ప్లూరలే. ట్రౌజర్స్, జీన్స్, షార్ట్స్, సిజర్స్, గ్లాసెస్, ప్లయర్స్, ట్వీజర్స్. ఒక్కటే అని చెప్పాలంటే "ఎ పెయిర్ ఆఫ్" తగిలించాలి, అప్పుడు వెర్బ్ పెయిర్‌ని బట్టి మారుతుంది, "దీజ్ జీన్స్ ఆర్ టైట్" గానీ "దిస్ పెయిర్ ఆఫ్ జీన్స్ ఈజ్ టైట్".

మనం "మై ప్యాంట్" అంటాం, ఎస్ లేకుండా. అమెరికాలో "మై ప్యాంట్స్" అంటే సరిపోతుంది, కానీ బ్రిటన్‌లో ప్యాంట్స్ అంటే లోపల వేసుకునేవి! అక్కడివాళ్ళతో మాట్లాడేటప్పుడు ట్రౌజర్స్ అనండి, పరువు దక్కుతుంది.

బట్టల దగ్గరే ఇంకోటి. క్లాత్ అంటే గుడ్డ. క్లాత్స్ అంటే తుడుచుకునే గుడ్డపేలికలు. వేసుకునే బట్టలు క్లోద్స్, ఇ అక్షరం ఉన్న స్పెల్లింగ్, పలకడం మాత్రం చాలామంది తలుపు మూయడానికి వాడే క్లోజ్ లాగే పలికేస్తారు. "ఐ బాట్ న్యూ క్లాత్స్" అంటే కొత్త మసిగుడ్డలు కొన్నట్టు.

స్టెప్ 5: ఎ, ఎన్. తెలుగు అక్షరాలు పనికొచ్చే చోటు

అచ్చులు ఎ, ఇ, ఐ, ఓ, యు అయితే ఎన్ పెట్టాలి అని చిన్నప్పుడు నేర్పారు కదా, అది సగం నిజం. చూడాల్సింది అక్షరం కాదు, సౌండ్. సౌండ్ రాసుకోడానికి మనకంటే మంచి లిపి ఇంకెవరికుంది చెప్పండి, ఆ ఇంగ్లీష్ మాటని తెలుగులో రాసి చూడండి. మొదటి అక్షరం అ నుంచి ఔ లోపు అచ్చయితే ఎన్, హల్లయితే ఎ. అవర్, ఆనెస్ట్, ఎక్స్‌రే, ఎంబీఏ, ఇవన్నీ అచ్చులు, ఎన్. యూనివర్సిటీ, యూరోపియన్, యూస్‌ఫుల్, వన్‌వే, ఇవి య, వ, కాబట్టి ఎ. "ఎన్ అవర్", "ఎ యూనివర్సిటీ". భలే కుదిరింది కదా.

కానీ ఈ ట్రిక్‌కి రెండు చోట్ల చిల్లు ఉంది, రెండూ మన నోటివల్లే. మొదటిది, ఇయర్. సంవత్సరాన్ని, చెవిని రెండింటినీ మనం ఇయర్ అనే రాస్తాం, అనే పలుకుతాం. ఇంగ్లీష్‌లో సంవత్సరానికి ముందు చిన్న య సౌండ్ ఉంది, యియర్ లాగా. అందుకే "ఎ ఇయర్" అంటే ఏడాది, "ఎన్ ఇయర్" అంటే చెవి. "ఐ వర్క్డ్ దేర్ ఫర్ ఎన్ ఇయర్" అని రాసే తెలుగువాళ్ళు కోకొల్లలు, నేనూ రాశాను. అలాగే ఉమన్, ఉడ్, ఊల్ అని రాస్తాం గానీ అవి నిజానికి వు తో మొదలవుతాయి, కాబట్టి "ఎ ఉమన్". రెండోది దీనికి ఉల్టా, ఎగ్‌ని యెగ్ అని, ఓల్డ్‌ని వోల్డ్ అని పలుకుతాం మనం, అక్కడ లేని య, వ మనమే తెచ్చి పెడతాం. అవి అచ్చులే, "ఎన్ ఎగ్", "ఎన్ ఓల్డ్ హౌస్".

ఈ ఎ, ఎన్ ఇంగ్లీష్ వాళ్ళనే తికమక పెట్టిన సందర్భాలున్నాయి. వంట చేసేటప్పుడు కట్టుకునే ఏప్రన్ ఒకప్పుడు నేప్రన్. "ఎ నేప్రన్" అని గబగబా అంటూ అంటూ "ఎన్ ఏప్రన్" అయి కూర్చుంది, ఆ న కాస్తా ఆర్టికల్ మింగేసింది. వాళ్ళ భాషలో వాళ్ళకే అలా అయినప్పుడు మనమెంత.

స్టెప్ 6: ద ఎప్పుడు, ఏమీ లేకుండా ఎప్పుడు

ముందు ఒక రూల్, ఇది గోడ మీద రాసుకున్నా తప్పులేదు. లెక్కపెట్టగలిగే నౌన్ ఒక్కటే ఉంటే అది ఒంటరిగా నిలబడకూడదు. ముందు ఎ, ఎన్, ద, మై, దిస్, ఏదో ఒకటి ఉండాలి. "ఐ బాట్ పెన్" తప్పు. తెలుగులో పెన్ను కొన్నాను అంటే సరిపోతుంది కాబట్టి మన చెవికి తప్పనిపించదు, అదే సమస్య.

ఎ పెట్టాలా ద పెట్టాలా అంటే, వినేవాళ్ళు "ఏది?" అని అడుగుతారా లేదా అని ఊహించండి. "క్లోజ్ ద డోర్", ఏ తలుపో ఇద్దరికీ తెలుసు, కాబట్టి ద. "దేర్ ఈజ్ ఎ క్యాట్ ఆన్ ద రూఫ్", ఏ పిల్లో మీకు తెలీదు, ఎ. తర్వాత వాక్యం నుంచి ఆ పిల్లి మనకి పరిచయస్తురాలైపోయింది కాబట్టి "ద క్యాట్ ఈజ్ హంగ్రీ". మొత్తం జాతి గురించైతే ఏమీ వద్దు, ప్లూరల్ చాలు, "క్యాట్స్ స్లీప్ ఎ లాట్". "ద క్యాట్స్" అంటే ఫలానా పిల్లులని అర్థం.

స్కూల్, బెడ్, ప్రిజన్ లాంటి వాటికి ఓ చిత్రమైన పద్ధతుంది. ఆ చోటు ఏ పనికోసం ఉందో ఆ పనికే వెళ్తే ద ఉండదు. పిల్లాడు చదువుకోడానికి వెళ్తే "హి గోస్ టు స్కూల్", వాడి నాన్న ఫీజు కట్టడానికి వెళ్తే "హి వెంట్ టు ద స్కూల్". దొంగ "ఇన్ ప్రిజన్", వాణ్ణి చూడ్డానికి వెళ్ళిన లాయర్ "ఎట్ ద ప్రిజన్". హాస్పిటల్‌కి బ్రిటిష్ వాళ్ళు ఇదే పాటిస్తారు, అమెరికన్లు మాత్రం పేషెంట్ అయినా "ఇన్ ద హాస్పిటల్" అనే అంటారు. ఇక ఇంటికెళ్తున్నా అంటే "గోయింగ్ హోమ్", మధ్యలో టు కూడా వద్దు.

"మై దిస్ బుక్" అని కూడా వినిపిస్తుంటుంది, నా ఈ పుస్తకం అని తెలుగులో దర్జాగా అంటాం కాబట్టి. ఇంగ్లీష్‌లో మై, దిస్ పక్కపక్కన కూర్చోవు. "దిస్ బుక్ ఆఫ్ మైన్" అనాలి.

స్టెప్ 7: నౌన్‌కి తగ్గ వెర్బ్

"వన్ ఆఫ్ మై ఫ్రెండ్" అనే మాట వింటే నాకు పంటి కింద రాయి పడ్డట్టుంటుంది. మా ఫ్రెండ్ ఒకడు అని తెలుగులో అనుకోవడం వల్ల వచ్చే తప్పు ఇది. దాని బదులు మా ఫ్రెండ్స్‌లో ఒకడు అని అనుకోండి, ఆటోమేటిక్‌గా ఎస్ వచ్చేస్తుంది. "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఈజ్ కమింగ్". వచ్చేది ఒక్కడే కాబట్టి ఈజ్.

పీపుల్ ఆర్, పోలీస్ ఆర్, ఎస్ లేకపోయినా ఈ రెండూ ప్లూరలే. మ్యాథమెటిక్స్ ఈజ్, ఎస్ ఉన్నా సింగులరే. స్టాఫ్ అంటే సిబ్బంది మొత్తం, ఒక్కో ఉద్యోగి స్టాఫ్ కాదు, కాబట్టి "టూ స్టాఫ్స్" అనకూడదు, "టూ స్టాఫ్ మెంబర్స్". "ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఆర్ ఆబ్సెంట్" అంటే కొంతమంది రాలేదని, "ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఈజ్ స్మాల్" అంటే ఆ సంఖ్య చిన్నదని. దూరం, టైమ్ లాంటివి మొత్తంగా ఒక ముద్దలా చూస్తే సింగులర్, "టెన్ కిలోమీటర్స్ ఈజ్ ఎ లాంగ్ వాక్".

స్టెప్ 8: చిన్నాచితకా

నంబర్ ఉన్న మాట నౌన్ ముందుకొచ్చి దాన్ని వర్ణిస్తే ఎస్ ఊడిపోతుంది. బ్రేక్ పది నిమిషాలైతే "ఎ టెన్-మినిట్ బ్రేక్", పాప వయసు ఐదేళ్ళైతే "ఎ ఫైవ్-ఇయర్-ఓల్డ్ గర్ల్". హండ్రెడ్ కూడా అంతే, లెక్క కచ్చితంగా తెలిస్తే "టూ హండ్రెడ్ పీపుల్", ఉజ్జాయింపుగా వందలమంది అయితే "హండ్రెడ్స్ ఆఫ్ పీపుల్".

నాన్న కారు అనడానికి తెలుగులో మధ్యలో ఏమీ అక్కర్లేదు, ఇంగ్లీష్‌లో "మై ఫాదర్స్ కార్", ఆ ఎస్ మింగేయకండి.

ఇంగ్లీష్‌లో 26 ఆల్ఫబెట్స్ లేవు. 26 లెటర్స్ ఉన్నాయి, అవన్నీ కలిపి ఒక్క ఆల్ఫబెట్. వంట చేసే మనిషి కుక్, కుక్కర్ అంటే వండే సామాను, "మై మదర్ ఈజ్ ఎ గుడ్ కుక్కర్" అని అమ్మని పొయ్యిని చేయకండి. ఇంటి బ్యాక్‌సైడ్ అనడం మానేయండి ప్లీజ్, మిగతా ప్రపంచంలో ఆ మాటకి మనిషి కూర్చునే భాగం అని అర్థం, "బిహైండ్ ద హౌస్" అనండి.

స్టెప్ 9: మీరే రాసిందాన్ని దిద్దుకోండి

ఎక్సర్‌సైజ్ పుస్తకాలు కొనక్కర్లేదు. మీరు ఎవరికో పంపిన పాత మెయిలో, చాటో తీయండి. అందులో నౌన్స్ అన్నిటికీ కింద గీత గీయండి. ఒక్కోదాని దగ్గర ఆగి, ఇది లెక్కకి వస్తుందా, ఒకటా ఎక్కువా, అది ఏదన్నది ఎదుటివాళ్ళకి తెలుసా అని అడగండి. ఒకటి చేసి చూపిస్తాను.

"యెస్టర్‌డే ఐ వెంట్ టు షాప్ అండ్ బాట్ ప్యాంట్ అండ్ సమ్ స్టేషనరీస్. షాప్ వాజ్ బిగ్."

షాప్ లెక్కకొస్తుంది, ఒక్కటే, ఏ షాపో అవతలివాళ్ళకి తెలీదు, కాబట్టి "ఎ షాప్". ప్యాంట్ జంట వస్తువు, "ఎ పెయిర్ ఆఫ్ ట్రౌజర్స్". స్టేషనరీ లెక్కకి రాదు, ఎస్ పీకేయాలి, "సమ్ స్టేషనరీ". రెండో వాక్యంలో షాప్ ఏదో ఇప్పుడు తెలిసిపోయింది, "ద షాప్ వాజ్ బిగ్". రెండు చిన్న వాక్యాల్లో నాలుగు తప్పులు, టెన్స్ మాత్రం ఎక్కడా తప్పలేదు చూడండి.

ఇలా రోజుకి ఐదారు వాక్యాలు చేస్తే చాలు. మాట్లాడేటప్పుడు మాత్రం ఈ ప్రశ్నలన్నీ వేసుకుంటూ కూర్చోకండి, నోరు పడిపోతుంది. తప్పొస్తే రానివ్వండి, మాట పూర్తయ్యాక ఆ ఒక్క మాటని ఫోన్ నోట్స్‌లో పడేయండి, రాత్రి డిక్షనరీలో సి నో యు నో చూసుకోండి. నా నోట్స్‌లో పోయిన వారం ఎక్కింది ఫీడ్‌బ్యాక్స్, పైన స్టెప్ 2లో మీకు వద్దని చెప్పిన మాటే.